నాయకుడి కేసు ఖర్చుకు చెక్కు రాసేది ఎవరు?

పామర్రు_ప్రవాసి
మేము ఉండేది న్యూజెర్సీలో. పోయిన శనివారం, ఇరవై ఏళ్ళుగా పరిచయం ఉన్న ఒక తెలుగు మిత్రుడు మా ఇంటికి కాఫీకి వచ్చి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఒక కవరు నా చేతిలో పెట్టారు. మా ప్రాంతం నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన ఒకాయన మీద దర్యాప్తు నడుస్తోంది. ఆయన లాయర్ల ఖర్చు కోసం ఒక ట్రస్టు పెట్టారట. మనిషికి ఏడాదికి 5,000 డాలర్ల వరకు ఇవ్వవచ్చని ఆ కవరులోని కాగితం చెబుతోంది. "మీరొకటి, వదినగారొకటి రాస్తే మన వాళ్ళ మాట నిలబడుతుంది" అని ఆయన చెప్పి వెళ్ళారు.

ఎన్నికలకు నేను చందా ఇచ్చాను, గుడికి ఇచ్చాను, మా ఊరి బడికి బెంచీలు కొనిచ్చాను. ఒక నాయకుడి కేసు ఖర్చుకు మాత్రం ఎవరూ నన్ను ఇంతవరకు అడగలేదు. ఇలాంటి నిధులకు అసలు ఎవరు ఇస్తారు, ఏమి ఆశించి ఇస్తారు, ఇచ్చినవారి పేర్లు బయటకు వస్తాయా అన్నది నా ప్రశ్న. ఆయన ఏ పార్టీవారో కావాలనే చెప్పడం లేదు, ఎవరూ అడగవద్దని మనవి.

కాకరకాయ
మన వైపు నాయకుడు కవరు ఇస్తే ఓటరు పుచ్చుకుంటాడు. అక్కడ కవరు ఎదురు నడుస్తున్నట్టుంది.

డాలస్_లెక్కలు
నేను డాలస్‌లో సీపీఏగా, అంటే లెక్కలూ పన్నులూ చూసే ఆడిటరుగా పని చేస్తున్నాను కాబట్టి ముందు నిబంధనల సంగతి చెబుతాను. ఎన్నికల చందా వేరు, ఈ చందా వేరు. మొదటిదానికి కాపలా ఫెడరల్ ఎన్నికల సంఘం. రెండోదానికి కాపలా ఆ సభ్యుడు ఏ సభలో ఉన్నాడో ఆ సభకు చెందిన నైతిక నియమాల సంఘం. ప్రతినిధుల సభ సభ్యుడి ట్రస్టుకు ఒక వ్యక్తి గానీ ఒక సంస్థ గానీ ఏడాదికి 5,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. సెనేటర్ అయితే ఆ పరిమితి 10,000 డాలర్లు. అయితే సెనేటర్ ట్రస్టుకు కంపెనీలూ కార్మిక సంఘాలూ ఇవ్వడానికి వీల్లేదు. దిగువ సభ సభ్యుడికి కంపెనీ కూడా చెక్కు రాయవచ్చు. నమోదైన లాబీయిస్టుల, అంటే చట్టసభల్లో ఇతరుల పనుల కోసం జీతానికి ఒత్తిడి చేసేవారి డబ్బును రెండు సభల్లోనూ ముట్టుకోకూడదు. అధ్యక్షుడి కింద పని చేసే అధికారుల కోసం 2023లో ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి, అక్కడా ఒక దాతకు ఏడాదికి 10,000 డాలర్లే పరిమితి.

ట్రస్టు మూడు నెలలకొకసారి లెక్క దాఖలు చేయాలి, ఆ లెక్కను ఎవరైనా చూడవచ్చు. కాబట్టి ప్రవాసి గారూ, 5,000 ఇస్తే మీ పేరు తప్పకుండా కాగితం మీదికి ఎక్కుతుంది. పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు. మరొక సంగతి కూడా గమనించండి. ఎన్నికల చందా పరిమితి పూర్తిగా వాడేసిన మనిషికి కూడా ఈ దారి తెరిచే ఉంటుంది, ఎందుకంటే రెండు హుండీలూ వేర్వేరు. పెద్ద మొత్తాలు ఇచ్చేవారి జాబితాలు చూసినప్పుడల్లా నేను మొదట వెతికేది ఈ రకం దాతలనే.

వరంగల్_వాణి
ఎన్నికలకు పోగైన డబ్బుతోనే లాయర్ల ఫీజు కట్టుకోవచ్చు కదా? మళ్ళీ వేరే హుండీ ఎందుకు?

డాలస్_లెక్కలు
కట్టుకోవచ్చు వాణి గారూ, కానీ అన్ని కేసులకూ కుదరదు. పదవి వల్లనో ఎన్నికల వల్లనో వచ్చిన కేసు అయితేనే ఆ డబ్బు వాడాలి. పదవి లేకపోయినా ఆ మనిషి మీద పడి ఉండే కేసుకు వాడకూడదు. ఐడహో సెనేటర్ లారీ క్రెయిగ్ 2007లో మినియాపోలిస్ విమానాశ్రయం మరుగుదొడ్డిలో అరెస్టై, ఆ కేసు ఖర్చును ఎన్నికల నిధి నుంచి పెట్టారు. ప్రయాణం అధికారిక పని మీదే కాబట్టి ఖర్చూ అధికారికమేనని ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఖర్చుపెట్టిన 1,97,535 డాలర్లు తిరిగి కట్టాలనీ, దాని మీద 45,000 జరిమానా కట్టాలనీ చెప్పింది, 2016లో అప్పీలు కోర్టు కూడా దాన్నే ఖాయపరిచింది. తన ఎన్నికల కోసం చందా ఇచ్చినవారు తెలియకుండానే మరుగుదొడ్డి కేసుకు దాతలయ్యారన్నమాట.

షుగర్‌ల్యాండ్_సుబ్బారావు
మేము ఇక్కడ టెక్సస్‌లో ఇల్లు కొన్న కొత్తలో మా ప్రతినిధి టామ్ డిలే. దిగువ సభలో రిపబ్లికన్ల నాయకుడు, ఆయన మాట లేకుండా బిల్లు కదిలేది కాదు. అందువల్ల "ఎవరు ఇస్తారు" అన్న ప్రశ్నకు మా ఊరి నుంచే జవాబు చెప్పగలను. ఆయన లాయర్ల నిధి 2000లో మొదలైంది. దానికి ఎక్కువగా ఇచ్చినది పొరుగింటివారు కాదు, కార్యకర్తలూ కాదు. ఆయన సహచర సభ్యులే తమ రాజకీయ కమిటీల నుంచి చెక్కులు రాశారు. సిగరెట్ల కంపెనీ ఆర్.జె. రెనాల్డ్స్ ఇచ్చింది, రమ్ము తయారు చేసే బకార్డీ ఇచ్చింది. లాబీయిస్టుల నుంచి వచ్చిన కొన్ని చెక్కులు నిబంధనకు విరుద్ధమని బయటపడి వెనక్కి పంపారు. 2005 అక్టోబరులో ఎన్నికల డబ్బు కేసులో ఆయన టెక్సస్‌లో వేలిముద్రలు ఇవ్వడానికి వచ్చినప్పుడు దిగింది కూడా రెనాల్డ్స్ కంపెనీ విమానంలోనే.

నాకు అన్నిటికంటే వింతగా తోచినది ఇంకొకటుంది. 2005 మొదట్లో నైతిక నియమాల సంఘంలో కొత్త సభ్యులను వేసినప్పుడు, అందులో లామర్ స్మిత్, టామ్ కోల్ అనే ఇద్దరు అంతకుముందే డిలే నిధికి చందా ఇచ్చినవారు. విచారణ చేయవలసిన బల్ల మీద దాతలే కూర్చున్నారు. సహచరులు ఎందుకు ఇస్తారని అడిగితే నా జవాబు ఇదే: రేపు కమిటీలో సీటు ఇచ్చేది ఎవరో వారికి తెలుసు. అది అభిమానం కాదు, కౌలు.

బే_ఏరియా_విశాల
సుబ్బారావు గారూ, సగం కథే చెప్పారు. డిలే దోషి అని 2010లో వచ్చిన తీర్పును 2013లో అప్పీలు కోర్టు కొట్టివేసింది, 2014లో టెక్సస్ అత్యున్నత క్రిమినల్ న్యాయస్థానం దాన్నే సమర్థించింది. అంటే చివరికి ఆయన నిర్దోషి. తొమ్మిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, ఆ ఖర్చంతా జీతం నుంచి పెట్టుకోవాలంటే ఎలా?

కౌలు అనే మాట అందరికీ అంటించడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఇలాంటి నిధే లేకపోతే, ముందే కోట్లు ఉన్నవాడు తప్ప మామూలు ఉద్యోగి, టీచరు, నర్సు ఎవరూ ఎన్నికల్లో నిలబడరు. ఎందుకంటే ఎదుటివాడు ఒక్క కేసు పెడితే ఇల్లు అమ్ముకోవాలి. క్లింటన్ దంపతుల సంగతే చూడండి. ఎనిమిదేళ్ళ దర్యాప్తుల తరువాత వారు శ్వేతసౌధం నుంచి లక్షల డాలర్ల లాయర్ల బాకీతో బయటికి వచ్చారు. వైట్‌వాటర్ అనే పాత స్థలాల వ్యాపారం మీద జరిగిన దర్యాప్తు ఖర్చు కింద 35 లక్షల డాలర్లకు పైగా ప్రభుత్వం ఇవ్వాలని అడిగితే, 2003లో కోర్టు మంజూరు చేసినది సుమారు 85,000 మాత్రమే. మిగతాది ఎక్కడి నుంచి రావాలి?

సుబ్బారావు గారి దాతలకు కమిటీ సీట్లు కావాలి సరే. 1998లో క్లింటన్ నిధికి తలా 10,000 డాలర్లు ఇచ్చిన స్టీవెన్ స్పీల్‌బర్గ్, టామ్ హాంక్స్, బార్బ్రా స్ట్రైసాండ్‌లకు ఏ కమిటీలో సీటు కావాలి?

కాకరకాయ
విందులో అధ్యక్షుడి పక్కన సీటు.

ఆర్కాన్సా_ఆచారి
విశాల గారు క్లింటన్ రెండో నిధి గురించి మాత్రమే చెప్పారు. మొదటి నిధి కథ నేను బాగా ఎరుగుదును, ఎందుకంటే అప్పట్లో నేను లిటిల్‌రాక్‌లో చదువుకుంటున్నాను, ఆ కథానాయకుడు నడిపిన చైనా హోటల్లో మా సీనియర్లు భోంచేసేవారట.

ఆ నిధి 1994లో మొదలైంది. మనిషికి ఏడాదికి 1,000 డాలర్లే తీసుకోవాలి, ఎవరినీ అడగకూడదు, వచ్చినవి మాత్రమే పుచ్చుకోవాలి అన్నవి దాని నియమాలు. 1996 మార్చిలో, అధ్యక్షుడికి ఆర్కాన్సా రోజుల నుంచి స్నేహితుడైన చార్లీ ట్రీ అనే ఆయన, సుమారు 4,60,000 డాలర్ల చెక్కులూ మనీ ఆర్డర్లూ కవర్లలో పెట్టుకొని నిధి కార్యాలయానికి స్వయంగా తీసుకువచ్చారు. ఒక్కొక్కటీ వెయ్యికి లోపే ఉంది, కాబట్టి పైకి చూస్తే తప్పు లేదు. తరువాత పరిశీలిస్తే, వేర్వేరు ఊళ్ళ మనుషులు పంపినట్టు ఉన్న మనీ ఆర్డర్ల నంబర్లు వరుసగా ఉన్నాయి, దస్తూరి ఒకటే, అందరూ ఒకే మాటను ఒకే తప్పుతో రాశారు. ఆ దాతల్లో చాలామంది తైవాన్‌తో సంబంధమున్న ఒక ఆధ్యాత్మిక గురువు శిష్యులని తేలింది. నిధివారు డబ్బు వెనక్కి పంపారు. ఈ సంగతి లోకానికి తెలిసినది మాత్రం ఆ ఏడాది డిసెంబరులో, అంటే ఎన్నిక అయిపోయాక. ట్రీ 1999లో ఎన్నికల చందాల వ్యవహారంలో నేరం ఒప్పుకున్నారు.

అడగకూడదన్న నియమం వల్ల ఆ నిధి చాలక 1997 చివర మూతపడింది. 1998 ఫిబ్రవరిలో మాజీ సెనేటర్ డేవిడ్ ప్రయర్ ఆధ్వర్యంలో రెండోది పెట్టారు. దానికి పరిమితి 10,000, అడగడానికి అనుమతి ఉంది. ఆరు నెలల్లో 20 లక్షల డాలర్లు దాటింది. అడిగితే వచ్చే డబ్బుకూ అడగకపోతే వచ్చే డబ్బుకూ తేడా ఎంతో చూశారా? తనంతట తాను ఇచ్చే దాత మనం అనుకున్నంత మంది ఉండరు. ప్రవాసి గారి గుమ్మం దగ్గరికి కవరు వచ్చినది అందుకే.

పామర్రు_ప్రవాసి
ఆచారి గారి చివరి వాక్యం నాకు గుచ్చుకుంది. మన దేశంలో ఈ పద్ధతి ఉన్నట్టు నేను ఎన్నడూ వినలేదు. మన నాయకుల మీద కేసులకేమీ కొదువ లేదు, ఢిల్లీ నుంచి విమానంలో దిగే లాయర్లకూ కొదువ లేదు. మరి అక్కడ ఎవరు కడుతున్నారు?

నల్లకోటు_హైదరాబాద్
వినకపోవడంలో వింత లేదు, ఎందుకంటే ఆ పేరుతో మన చట్టంలో ఏమీ లేదు. ఎవరు ఇవ్వవచ్చు, ఎంత ఇవ్వవచ్చు, ఎక్కడ నమోదు చేయాలి అని చెప్పే నియమం లేదు కాబట్టి దాత కూడా కనిపించడు. నా ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో నేను చూసిన దారులు చెబుతాను, పేర్లు చెప్పను.

పార్టీ కడుతుంది. అప్పుడు అసలు దాత పార్టీకి చందా ఇచ్చినవాడు. 20,000 రూపాయలు దాటిన చందాలు ఎన్నికల సంఘానికి చెప్పాలి గానీ, ఆ డబ్బులో ఎంత ఏ లాయరుకు వెళ్ళిందో చందా ఇచ్చినవాడికి ఎవరూ చెప్పరు. లేదా లాయరే ఫీజు మానేస్తాడు. పెద్ద లాయర్లు రాజ్యసభలో ఎందరున్నారో లెక్కపెట్టండి. అందరూ అందుకే అక్కడ ఉన్నారని నేను అనను, కానీ మానేసిన ఫీజుకు రసీదు ఉండదు. లేదా ప్రభుత్వం కడుతుంది, అంటే మీరూ నేనూ కడతాం. దీనికి బహిరంగంగా తెలిసిన ఉదాహరణ ఢిల్లీది. అరుణ్ జైట్లీ పరువునష్టం దావాలో కేజ్రీవాల్ తరఫున రామ్ జెఠ్మలానీ వాదించారు. కోటి రూపాయల రిటైనరు (ముందస్తు ఫీజు), హాజరైన ప్రతిసారీ 22 లక్షలు. మూడు కోట్లు దాటిన ఆ బిల్లును ఢిల్లీ ప్రభుత్వం చేత కట్టించబోతున్నారని 2017 ఏప్రిల్‌లో బయటపడి పెద్ద గొడవ జరిగింది. చివరికి జెఠ్మలానీ, కేజ్రీవాల్ కట్టలేకపోతే ఉచితంగానే వాదించినట్టు అనుకుంటానని చెప్పారు. అంతవరకు ప్రజలు దాతలు, ఆ తరువాత లాయరు దాత.

ఇక అభిమానులు నేరుగా నాయకుడి చేతికి ఇస్తే ఏమవుతుందన్నది కూడా చెప్పాలి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వస్తే అది ఆదాయం కిందికి వచ్చి పన్ను పడుతుంది. పన్ను కట్టినంత మాత్రాన అది మంచి డబ్బు అయిపోదు కూడా. జయలలిత అక్రమాస్తుల కేసులో, పుట్టినరోజుకు అభిమానులు ఇచ్చిన కానుకలను రిటర్నుల్లో చూపించాం కాబట్టి అవి సక్రమమేనన్న వాదనను 2017 ఫిబ్రవరి తీర్పులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ప్రవాసులకు ఒక మాట. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక అక్కడి నుంచి ఇక్కడి పార్టీకి గానీ ఎమ్మెల్యేకు గానీ అభ్యర్థికి గానీ డబ్బు పంపితే అది విదేశీ విరాళం, చట్టం ఒప్పుకోదు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడు వచ్చిందని స్కాన్ చేయకండి.

వరంగల్_వాణి
అక్కడ జాబితా ఉన్నా సిగ్గులేదు, ఇక్కడ జాబితాయే లేదు. ఏది మేలంటారు?

నల్లకోటు_హైదరాబాద్
జాబితా ఉంటే కనీసం మనం ఇక్కడ కూర్చొని బకార్డీ పేరు చెప్పుకోగలుగుతున్నాం కదా వాణి గారూ.

గోదారిగట్టు
నల్లకోటు గారు ఇవాళ్టి చట్టం గురించి చెప్పారు. కానీ మన దేశంలో నాయకుల కేసుకు జనం చందాలు ఇవ్వలేదనుకోవడం పొరపాటు. 1929లో కార్మిక నాయకుల మీద బ్రిటిషు ప్రభుత్వం పెట్టిన మీరట్ కుట్ర కేసుకు డిఫెన్స్ కమిటీ వేశారు, దానికి మోతీలాల్ నెహ్రూ వంటివారు పూనుకున్నారు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ జరిగినప్పుడు కాంగ్రెస్ డిఫెన్స్ కమిటీ తరఫున భూలాభాయ్ దేశాయ్ వాదించారు, ఎప్పుడో వదిలేసిన నల్లకోటును జవహర్‌లాల్ మళ్ళీ తొడుక్కొని వచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడిన రైతుల కోసం లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే లాయరు వచ్చి 1951లో సుప్రీంకోర్టులో వాదించారు.

మా నాన్నగారు ఆ రోజుల్లో రాజమండ్రిలో చదువుకుంటూ, హాస్టల్లో డబ్బా పట్టుకొని వసూలు చేశారట. ఒక వంటమనిషి అర్ధరూపాయి వేసి, "నా పేరు రాయకండి బాబూ, మా యజమానికి తెలిస్తే పని పోతుంది" అన్నాడని చెప్పేవారు. పేరు దాచుకున్న దాతలందరూ ఒకే కారణానికి దాచుకోరు.

షుగర్‌ల్యాండ్_సుబ్బారావు
గోదారిగట్టు గారూ, ఉరికంబం ఎక్కబోతున్న రైతుకూ, కంపెనీ విమానంలో వేలిముద్రలు ఇవ్వడానికి వచ్చిన నాయకుడికీ పోలిక కుదరదు. కేసు పెట్టినది పరాయి ప్రభుత్వమా, సొంత పదవిలో చేసిన పనికి సంజాయిషీ అడిగే చట్టమా అన్నది ముఖ్యం.

గోదారిగట్టు
తెలంగాణ రైతులకు ఉరి వేయమన్నది పరాయి ప్రభుత్వం కాదండీ. అయినా తమ నాయకుడి మీద కేసు పెట్టిన ప్రభుత్వం పరాయిదేనని ప్రతి అభిమానీ నమ్ముతాడు. డబ్బు రాలేది ఆ నమ్మకం నుంచే.

వరంగల్_వాణి
ఆ నమ్మకం ఎంత రాలుస్తుందో ట్రంప్ నిధులు చూస్తే తెలుస్తుంది. 2020 ఎన్నిక అయిపోయాక "అధికారిక ఎన్నికల రక్షణ నిధి" పేరుతో ఈమెయిళ్ళు పంపి 25 కోట్ల డాలర్లు పోగుచేశారనీ, అసలు అలాంటి నిధే లేదనీ 2022 జూన్‌లో జనవరి 6 కమిటీ, అంటే కాపిటల్ మీద జరిగిన దాడిని విచారించిన కమిటీ, బయటపెట్టింది. అందులో చాలా డబ్బు అప్పుడే పుట్టిన సేవ్ అమెరికా అనే రాజకీయ కమిటీకి వెళ్ళింది. 2023లో కేసులు మీద పడినప్పుడు ఆయన కమిటీలు లాయర్లకు ఖర్చు పెట్టినది సుమారు 5 కోట్ల డాలర్లు. అంతకుముందు మరో కమిటీకి ఇచ్చిన 6 కోట్లను కూడా తిరిగి ఇమ్మని అడిగి, దఫదఫాలుగా వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాది ఇంటర్నెట్‌లో ఆయనకు చందా ఇస్తే, ప్రతి డాలరులో పది సెంట్లు సేవ్ అమెరికాకు పోయేలా మార్చారు. అంతకుముందు ఒక్క సెంటే.

ప్రవాసి గారు "ఎవరు ఇస్తారు" అని అడిగారు. ఇక్కడ ఇచ్చినవారు పెన్షన్ మీద బతికే వృద్ధులు, లారీ డ్రైవర్లు, పదీ ఇరవై డాలర్లు పంపేవారు. లాయరుకు ఇస్తున్నామని వారిలో ఎంతమందికి తెలుసు? కింద చిన్న అక్షరాలు చదివినవారికి తెలుసు.

బే_ఏరియా_విశాల
వారిని మరీ అమాయకుల కింద జమకట్టకండి. చాలామంది తెలిసే ఇచ్చారు. ఆయన మీద అభియోగం వచ్చిన ప్రతిసారీ చందాలు పెరిగాయి కానీ తగ్గలేదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన "లాయరుకే వెళ్ళాలి, అందుకే ఇచ్చాను" అని నాతోనే అన్నారు.

యూపీఐ_వీరుడు
బ్రెజిల్‌లో పిక్స్ అని మన యూపీఐ లాంటిదే ఉంది. మాజీ అధ్యక్షుడు బొల్సొనారో మీద జరిమానాలు పడ్డాయని 2023లో అభిమానులు ఆయన పిక్స్ నంబరు పంచుకున్నారు. ఆరు నెలల్లో 7,69,000 లావాదేవీలు, 1 కోటి 72 లక్షల రియాళ్ళు. సగటున ఒక్కొక్కటి 22 రియాళ్ళు, అంటే మన డబ్బుల్లో సుమారు నాలుగు వందలు. జరిమానాల కంటే చాలా ఎక్కువ వచ్చింది, ఆయన అందులో చాలా భాగాన్ని డిపాజిట్లలో పెట్టుకున్నట్టు ఆ దేశపు ఆర్థిక నిఘా సంస్థ నివేదికలో బయటపడింది.

కాకరకాయ
కేసు గెలిచినా ఓడినా వడ్డీ గ్యారంటీ.

డాలస్_లెక్కలు
నవ్వులాటకు అన్నా కాకరకాయ గారి మాటలో పనికొచ్చే ప్రశ్న ఉంది. మిగిలిన డబ్బు ఏమవుతుంది? ట్రస్టుకు ఇచ్చే ముందు దాని పత్రంలో ఈ సంగతి ఏమని రాశారో చదవాలి. నేరుగా మనిషి ఖాతాకు పంపితే అది కానుక, ఆయన ఇష్టం.

పామర్రు_ప్రవాసి
నేను నిన్న మిత్రుడికి ఫోన్ చేసి, మీరు ఈయన కోసం ఇంత తిరగడం ఎందుకని అడిగాను. ఆయన దాచకుండానే చెప్పారు. ఆయనకు ఒక ఫంక్షన్ హాలు ఉంది. పార్కింగ్ చాలదని టౌన్‌షిప్ వారు రెండేళ్ళు అనుమతి ఇవ్వకుండా తిప్పితే, ఈ ప్రతినిధి కార్యాలయం నుంచి ఒక ఫోన్ వెళ్ళిందట, మూడు నెలల్లో పని అయిందట. "చేసిన మేలు మరిచిపోతే మనుషులమా?" అన్నారు. నాకు ఏమి చెప్పాలో తెలియలేదు. అది లంచం కాదు, అప్పట్లో ఆయన పైసా ఇవ్వలేదు. కృతజ్ఞత అని ఆయన అంటున్నారు, కాదనడానికి నా దగ్గర ఆధారమూ లేదు.

షుగర్‌ల్యాండ్_సుబ్బారావు
మా బావమరిదికి వీసా ఇబ్బంది వచ్చినప్పుడు మా ప్రతినిధి కార్యాలయం కూడా ఒక ఉత్తరం రాసింది. మేము థాంక్స్ కార్డు పంపాం. కృతజ్ఞత ఆ మాత్రం ఉంటే చాలు.

ఆర్కాన్సా_ఆచారి
న్యూయార్క్ నగరంవారు ఈ చిక్కు చూసే 2019లో చట్టం చేశారు. నగర పదవుల్లో ఉన్నవారి ట్రస్టుకు మనిషికి 5,000 డాలర్లే, నగరంతో వ్యాపారం చేసేవారు అసలు ఇవ్వకూడదు. అంతకుముందు మేయర్ డి బ్లాసియోకు దాదాపు 3,00,000 డాలర్ల లాయర్ల బాకీ మిగిలిపోయింది, దాని కథ వల్లే ఈ చట్టం వచ్చింది. దాని కింద 2023లో ఎరిక్ ఆడమ్స్ ట్రస్టు పెట్టారు. ఆయన మీద 2024లో వచ్చిన అభియోగాల్లో బినామీ దాతల సంగతి కూడా ఉంది, 2025 ఏప్రిల్‌లో ఆ కేసును కొట్టివేశారు. ఫంక్షన్ హాలు మిత్రుడు ఆ నగరంలో ఉంటే, టౌన్‌తో ఆయనకు ఎలాంటి పనులున్నాయో ముందు చూసేవారు. ఇజ్రాయెల్‌లో కూడా ఇలాగే జరిగింది. నెతన్యాహు ఒక అమెరికన్ ధనిక మిత్రుడి నుంచి కేసు ఖర్చుకు డబ్బు తీసుకుంటానంటే 2019లో అక్కడి అనుమతుల సంఘం కాదన్నది. ధనికుల కానుకలు పుచ్చుకున్నారన్న కేసుకు ధనికుల డబ్బుతోనే వాదించడం ఏమిటని వారి అభ్యంతరం.

వర్జీనియా_వాసు
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. నా ఆఫీసు అమెరికా చట్టసభల భవనం కాపిటల్‌కు రెండు మెట్రో స్టేషన్ల దూరం. నిన్న మధ్యాహ్నం భోజనం మానేసి ప్రతినిధుల సభవారి కానన్ భవనంలో పత్రాలు చూపించే కార్యాలయానికి వెళ్ళి, ప్రవాసి గారు విడిగా పంపిన పేరుతో ఆ ట్రస్టు మూడు నెలల లెక్క తీసి చూశాను. ఎవరి పేర్లూ ఇక్కడ రాయను.

పెద్ద దాతల జాబితా పేజీన్నర ఉంది. మొదట సహచర సభ్యుల కమిటీలు, తలా 5,000, సుబ్బారావు గారు చెప్పినట్టే. తరువాత రెండు నిర్మాణ కంపెనీలు, ఒక గిడ్డంగుల కంపెనీ. ఆ తరువాత మనుషులు. వారిలో చాలామంది జంటలుగా ఉన్నారు: భర్త 5,000, భార్య 5,000, ఒకే తేదీ. వృత్తి అన్న చోట భార్యల్లో ఎక్కువమందికి "గృహిణి" అని ఉంది. మన వాళ్ళ ఇంటిపేర్లు ఏడు కనిపించాయి, ఏడుగురూ ఒకే వారంలో ఇచ్చారు, అంటే ఎవరో ఒకరు ఇంటింటికీ కాఫీకి వెళ్ళారు. సొంతంగా వంద, రెండు వందలు ఇచ్చిన అభిమానులు ఉంటే వారి మొత్తం ఒకే ఒక్క వరుసలో చేరింది, అది గిడ్డంగుల కంపెనీ చెక్కు కంటే తక్కువ.

ఫంక్షన్ హాలు మిత్రుడి పేరు మాత్రం అందులో లేదు. ప్రవాసి గారు రాసిచ్చిన మూడు వర్ణక్రమాలతోనూ వెతికాను.

కాకరకాయ
నేను ఏమీ అనను.

డాలస్_లెక్కలు
తొందరపడి నిర్ణయానికి రావద్దు, ఆయన ఈ మూడు నెలల్లో ఇచ్చి ఉండవచ్చు, అది వచ్చే లెక్కలో కనిపిస్తుంది. కానీ ప్రవాసి గారికి ఒక జాగ్రత్త చెబుతాను. "మీరు చెక్కు రాయండి, తరువాత నేను సర్దుతాను" అని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఎన్నికల చందాల్లో అది నేరం, ఇలాంటి ట్రస్టుల్లోనూ అబద్ధపు లెక్కే అవుతుంది. హోటళ్ళ యజమాని సంత్ చత్వాల్ 1,80,000 డాలర్లకు పైగా ఎన్నికల చందాలు ఇతరుల పేర్లతో ఇప్పించి 2014లో నేరం ఒప్పుకున్నారు. అదే ఏడాది రచయిత దినేశ్ డిసౌజా 20,000 డాలర్ల వ్యవహారంలో ఒప్పుకున్నారు, ఆయనకు 2018లో క్షమాభిక్ష దొరికింది. ఇద్దరి విషయంలోనూ పేరు ఇచ్చినవారు స్నేహితులూ ఉద్యోగులూ తెలిసినవారే.

పామర్రు_ప్రవాసి
వాసు గారికి ఒక పూట భోజనం బాకీ ఉన్నాను.

మిత్రుడిని ఈ ఉదయం నేరుగా అడిగాను. ఆయన ఇవ్వలేదు, ఇవ్వబోవడం లేదు. హాలు పక్క స్థలంలో పార్కింగ్ పెంచడానికి కొత్త దరఖాస్తు టౌన్‌షిప్ ముందు ఉందట, ఈ సమయంలో ఆయన పేరు ఆ జాబితాలో కనిపిస్తే బాగుండదని ఆయన లాయరే చెప్పాడట. "అందుకే కదా మిమ్మల్ని అడిగింది, మీకు ఎవరితోనూ పని లేదు" అన్నారు. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, ఫోన్ పెట్టేశాక కూడా కొంతసేపు నాకు అందులో తప్పు కనిపించలేదు.

మా ఆవిడ కవరు తీసుకొని, దాని మీద "తరువాత" అని రాసి కరెంటు బిల్లుల కింద పెట్టింది. విశాల గారూ, మీరు చెప్పినది నేను కొట్టివేయడం లేదు. మా ప్రతినిధి నిర్దోషి అయితే ఖర్చు భరించలేని మాట నిజమే. ఆయన ట్రస్టుకు నా అంతట నేను యాభై డాలర్లు పంపవచ్చా, మిత్రుడి చేతికి ఇవ్వకుండా?

డాలస్_లెక్కలు
పంపవచ్చు. కాగితం వెనుక చిరునామా ఉంటుంది చూడండి. మనీ ఆర్డరు మాత్రం వద్దు, ఆచారి గారికి చార్లీ ట్రీ గుర్తుకు వస్తారు.